వకీలు కావలెనా, ‘మనవాడు’ కావలెనా?

మద్యము త్రాగి వాహనము నడిపిన నేరముపై పట్టుబడిన మన యువకులకు న్యాయవాదిని కుదుర్చుకొను విషయమున సంఘ కార్యాలయము సలహా నిచ్చునని ఈ పత్రికలో నాలుగు పంక్తుల ప్రకటన వేసితిమి. దానిపై వచ్చినన్ని యుత్తరములు, తెలుగు బడుల విషయమై మేము వ్రాసిన సంపాదకీయములన్నిటికిని కలిపినను రాలేదు. మన పాఠకులు కోపము వచ్చిననే గాని కలము పట్టరని మాకు తెలియును గనుక దీనికి వగచుట లేదు.

ఒక పెద్దమనిషి, “త్రాగుబోతులకు దన్నుగా నిలుచుటకా మన తాతలు ఈ సంఘమును స్థాపించిరి?” అని యడిగిరి. మరియొకరు, “పదివేల రూపాయలు పారవేసిన పోవు కేసునకు ఇంత హంగామా యెందుకు?” అనిరి. అందరికంటెను ఎక్కువమంది వ్రాసినది మాత్రము వేరు: “వకీలును వెదకుట యేమి కష్టము? కోర్టు వాకిట నిలిచి, మనవాడెవడని యడిగిన చాలదా? మన భాషవాడు, వీలైన మన కులమువాడు, నలుగురు తెలిసినవాడు. వానికి అప్పగించి యింటికి వచ్చి నిద్రపోవచ్చును.” మేము ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణము ఈ కడపటి మాటయే. మనవారిని ముంచుచున్నది ఈ నమ్మకమే యని మా యభిప్రాయము.

ముందుగా మొదటి పెద్దమనిషికి సమాధానము చెప్పి సాగెదము. త్రాగి బండి నడుపువానిపై మాకు జాలి లేదు. 2006 నవంబరు 12వ తేదీ తెల్లవారుజామున ముంబయి బాంద్రాలోని కార్టరు రోడ్డులో, రోడ్డు పనికై వచ్చి కాలిబాటపై పండుకొనియున్న కూలీలపైకి ఒక కారు ఎక్కెను. ఏడుగురు మరణించిరి, ఎనిమిదిమంది గాయపడిరి. నడిపినవాడు త్రాగియుండెను. క్రింది కోర్టు ఆరు మాసముల శిక్ష విధింపగా, బొంబాయి హైకోర్టు దానిని మూడేండ్లకు పెంచెను. 2012లో సుప్రీముకోర్టు ఆ శిక్షను స్థిరపరచెను. పాలమూరు నుండియు, శ్రీకాకుళము నుండియు పొట్ట చేతబట్టుకొని పోయిన మనవారు నేటికిని ఎన్నియో నగరములలో అట్లే రోడ్ల ప్రక్క గుడిసెలలో నిదురించుచున్నారు. త్రాగినవాని చేతి చక్రము ఎవరి తలపైకి వచ్చునో మాకు బాగుగా తెలియును.

అయినను, తప్పు చేసినవానికి శిక్ష పడుట వేరు. ఏ తప్పునకు ఏ శిక్ష పడుచున్నదో వానికే తెలియకుండ పడుట వేరు. పట్టుబడిన ప్రతివానికిని, తనను ఎందుకు పట్టుకొనిరో తెలిసికొను హక్కును, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించి అతని ద్వారా వాదించుకొను హక్కును రాజ్యాంగము 22వ అధికరణము మొదటి ఖండమున ఇచ్చినది. అందు త్రాగినవానికి మినహాయింపు లేదు. రాజ్యాంగము తీసివేయని హక్కును మన సంఘము తీసివేయవలెనా? పెద్దలు సావధానముగా ఆలోచింతురు గాక.

ఇక మాకు ఈ ప్రకటన వేయవలెనని తోచుటకు కారణమైన సంగతిని చెప్పెదము. పేర్లు చెప్పము, ఆ కుటుంబమువారి యనుమతితోనే వ్రాయుచున్నాము.

హొసూరు తాలూకాలో నాలుగు తరములుగా నిలిచియున్న యిల్లు. తండ్రికి కొద్దిపాటి గులాబి తోట. కుమారుడు తమిళమున చదివెను, ఇంట తెలుగు, సరిహద్దు దాటి బెంగుళూరు ప్రక్కన ఒక కంపెనీ పనివారిని తీసికొనిపోవు వ్యాను నడుపుచు జీవించుచుండెను. ఒక ఆదివారము రాత్రి స్నేహితుని పెండ్లి విందు ముగించుకొని తన మోటారుసైకిలుపై వచ్చుచుండగా పోలీసువారు ఆపిరి. యంత్రములో ఊదుమనిరి. ఊదెను. చీటి వచ్చెను. చట్టమున హద్దు 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు. చీటిలో దానికి రెట్టింపునకు పైగా నున్నది. ఠాణాకు తీసికొనిపోయిరి. బండి నిలిపివేసిరి. అర్ధరాత్రి తండ్రికి ఫోను.

తెల్లవారి తండ్రి ఠాణా వద్దకు చేరునప్పటికి ఎదుటి టీ కొట్టులో ఒక తెల్లచొక్కా ఆసామి కూర్చుండియుండెను. తండ్రి ఫోనులో ఇంటివారితో తెలుగున మాటలాడుట విని అతడే దగ్గరకు వచ్చి, “ఏ ఊరు సామీ? మనోళ్లేనా?” అనెను. ఆ ఒక్క మాటకు ఆ ముసలివాని కన్నులు చెమర్చెనట. పరాయి యూరు, పరాయి ఠాణా, గోడపై చదువరాని లిపి. అట్టిచోట మన మాట వినబడెను! జామీను ఇప్పించుటకు అయిదువేలు. తరువాత కోర్టులో జరిమానా, వకీలు, గుమాస్తా, “పైఖర్చు”, అన్నియు కలిపి ఇరువది రెండు వేలు. తండ్రి చెవిపోగులు కుదువబెట్టి తెచ్చి యిచ్చెను. రశీదు అడుగలేదు. మనవానిని రశీదు అడుగుదురా?

కోర్టు దినమున నల్లకోటు ధరించిన వకీలు ఒకరు తలుపు వద్ద ఆ యువకుని మొదటిసారి చూచిరి. కాగితము చేతికిచ్చి సంతకము చేయుమనిరి. “లోపల ఏమడిగినా తల ఊపు, బైటకొచ్చేస్తావు” అనిరి. లోపల మేజిస్ట్రేటు కన్నడమున అడిగెను: “తప్పు ఒప్పికొళ్ళుత్తీరా?” తప్పు అన్నచో మనకును తప్పే. ఒప్పుకొనుట మనకును ఒప్పుకొనుటే. మాటలన్నియు అర్థమైనట్లే యుండెను. తల ఊపెను. పదివేల రూపాయల జరిమానా. ఆరు మాసములు లైసెన్సునకు అనర్హత. జరిమానా సంగతి ఫోనులో తండ్రికి చెప్పిరి. లైసెన్సు సంగతి చెప్పలేదు. మరునాడు ఆ కుర్రవాడు యథాప్రకారము వ్యాను తోలుటకు పోయెను. అతనికి తెలిసినది మూడు దినములకు, కంపెనీవారు కాగితములు అడిగినప్పుడు. ఆ మూడు దినములు అనర్హత యుండగా బండి నడిపిన వేరొక నేరమును కూడ తెలియకయే చేసినాడు. ఉద్యోగము పోయినది.

“పదివేలు పారవేసిన పోవు కేసు” అని వ్రాసిన సోదరునకు ఇప్పుడు చెప్పుచున్నాము. 1988నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము మొదటి తప్పునకు ఆరు మాసముల వరకు ఖైదు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. మరల చేసినచో రెండేండ్ల వరకు ఖైదు గాని, పదునైదువేల జరిమానా గాని, రెండును గాని. 2019 సవరణతో జరిమానాలు ఇంత పెరిగినవి. ఇది రోడ్డుపై చలానా కట్టి తెగ్గొట్టుకొను నేరము కాదు. రాజీ పడదగిన నేరముల పట్టికలో 185 లేదు. కోర్టుకు పోవలసినదే. అన్నిటికంటె మనవారికి తెలియనిది 20వ సెక్షను. 185 క్రింద శిక్షపడినవానిని కనీసము ఆరు మాసములు లైసెన్సునకు అనర్హునిగా ప్రకటింపవలెనని అది కోర్టును ఆదేశించుచున్నది. గుమాస్తాగిరి చేయువానికి ఆరు మాసములు బస్సెక్కుట కష్టమే గాని బ్రతుకు పోదు. ఆటో, లారీ, వ్యాను తోలువానికి? మన కుటుంబములలో చక్రము పట్టి బ్రతుకువారు ఎందరో ఆ సోదరుడు తన వీధిలోనే లెక్కించి చూచుకొనవచ్చును.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. ఆ 20వ సెక్షనే, అనర్హతను అన్ని తరగతుల వాహనములకు గాని, ఏదో యొక తరగతికి మాత్రమే గాని విధించుటకు కోర్టునకు అధికార మిచ్చినది. ఈ యువకుడు పట్టుబడినది సొంత మోటారుసైకిలుపై, బ్రతుకుచున్నది వ్యానుపై. “అయ్యా, అనర్హతను మోటారుసైకిలు తరగతికే పరిమితము చేయుడు, ఇతని కుటుంబము దానిపై లేదు, వ్యానుపై నున్నది” అని నోరు తెరచి ప్రార్థించుటకు తావుండెను. మేజిస్ట్రేటు ఒప్పుకొనియుండునో లేదో మేము చెప్పలేము; త్రాగినవానిని పనివారితో నిండిన వ్యాను ఎక్కనీయరాదని తలచియుండిన అది న్యాయమే. కాని అడిగినవాడే లేడు! ఇరువది రెండు వేలు పుచ్చుకొన్న ‘మనవాడు’ ఆ సెక్షనును తెరచి చూడలేదు.

నేరమును ఒప్పుకొనరాదని మేము చెప్పుట లేదు. చీటి సరియైనదై, పరీక్ష సరిగా జరిగి, తప్పు నిజముగా చేసియుండినచో ఒప్పుకొనుటయే మర్యాద. మంచి వకీలు కూడ అనేక పర్యాయములు అదే చెప్పును. అయితే ఒప్పుకొనుటకు ముందు చెప్పవలసినవి కొన్ని కలవు. ఒప్పుకొన్న తరువాత అప్పీలులో శిక్ష హెచ్చనియో చట్టవిరుద్ధమనియో మాత్రమే వాదింపవచ్చును గాని, నేరమే చేయలేదని వాదించుటకు వీలుండదు. ప్రమాదము జరిగియున్నచో ఆ యంగీకారమును చేతబట్టుకొని ఇన్సూరెన్సు కంపెనీ తాను చెల్లింపనని వాదింపవచ్చును. 2019 సవరణ తరువాతి 150వ సెక్షనున మద్యము సేవించి నడుపుట వారికొక ప్రతివాదముగా చేర్చబడినది. సర్కారు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్నవానిని శిక్ష పడినదా యని ఫారములో అడుగుదురు. అచట దాచినచో దాచుటయే పెద్ద తప్పగును. వీనిలో ఒక్కటైనను తలుపు వద్ద నిలిచి సంతకము పెట్టించుకొన్నవాడు చెప్పెనా?

కాగితములు చదువు వకీలు ఏమి చేయును? మొదట చీటి చూచును. దానిపై తేదీ, వేళ, అంకె సరిగా నున్నవా, ఆ యంత్రమును సరిచూచినట్లు ఆధారమున్నదా, చీటిపై సంతకము తన కక్షిదారునిదేనా యని చూచును. అరెస్టు చేసిన వేళ చూచును. ఏలయనగా 202వ సెక్షను ప్రకారము 185 క్రింద పట్టుబడినవానిని రెండు గంటలలోగా రిజిస్టరైన వైద్యునిచే పరీక్ష చేయింపవలెను, చేయింపనిచో నిర్బంధము నుండి విడువవలెను. వాసన వచ్చినది, తూలినాడు అని మాత్రమే వ్రాసియున్నదా, అంకె యున్నదా యని చూచును. యంత్రమున ఊదుటకు నిరాకరించినచో తప్పించుకొనవచ్చునని కొందరు ‘తెలిసినవారు’ యువకులకు బోధించుచున్నారు. అది శుద్ధ అజ్ఞానము. నిరాకరణయే 205వ సెక్షను క్రింద వానికి ఎదురు సాక్ష్యమగును. మంచి వకీలు ఈ మాట మొహమాటము లేక చెప్పును.

జామీను ‘ఇప్పించుటకు’ అయిదువేలు పుచ్చుకొన్న సంగతి చెప్పకుండ ముందుకు పోలేము. ఎవరికిని దెబ్బ తగులక, ఉట్టి 185వ సెక్షను మాత్రమే యున్నచో అది జామీనుకు తగిన నేరము. పూచీకత్తు నిచ్చినచో విడువవలసినదే. అది హక్కు, దయ కాదు. ఆ అయిదువేలు ఏ దారిని పోయెనో మాకు తెలియదు. ఆ తండ్రికిని తెలియదు.

ఇప్పుడు ‘మనవాడు’ అను మాటకు వత్తము. మనము అల్పసంఖ్యాకులము. మన భాష వినబడిన చోట ప్రాణము లేచివచ్చుట సహజము. మేము ఈ పత్రికను నడుపుచున్నదే ఆ ప్రాణముతో. అందువలననే ఈ మాటను మేము చెప్పవలసియున్నది. ఇతరులు చెప్పినచో మనము వినము. తెలుగు మాటలాడుట వకీలునకు యోగ్యత కాదు. ఆ టీ కొట్టు ఆసామికి తెలుగు వచ్చును. అదియే వాని పెట్టుబడి. మన భాషాభిమానము వానికి గాలమున ఎరయైనది. కులమును గూర్చి చెప్పనక్కరలేదు. కట్టుబడి చీటికి వైద్యుని పేరు తెలియునా, కులము తెలియునా? మేజిస్ట్రేటు బల్లపై మన గోత్రనామముల పట్టిక యుండదు.

“నలుగురు తెలిసినవాడు” అను గుణమును మనవారు అన్నిటికంటె మిన్నగా ఎంచుచున్నారు. “ఆ జడ్జి నాకు తెలుసు” అని చెప్పు వకీలు దొరికినప్పుడు గట్టెక్కితిమని సంతోషింతురు. మేము చెప్పునది: ఆ మాట విన్న వెంటనే లేచి రండు. అది నిజమైనచో అతడు నేరము చేయుటకు మిమ్ము పిలుచుచున్నాడు. అబద్ధమైనచో మిమ్ము మోసగించుచున్నాడు. రెంటిలో దేనికి ఫీజు ఇత్తురు?

బార్ కౌన్సిలు నియమములను తెలిసినవారు మనలో కొద్దిమంది. వకీలు పనికై తానే కక్షిదారులను వెంబడింపరాదు, దళారులను పంపరాదు. కేసు గెలిచినచో ఇంత, ఓడినచో ఇంత యని ఫలితమును బట్టి ఫీజు మాటలాడుకొనరాదు. కనుక “విడుదల చేయించిన తరువాతనే ఇవ్వండి” అను తీయని మాట కూడ నియమవిరుద్ధమే. కోర్టుల చుట్టు తిరుగు దళారులకు చట్టమున ‘టౌటు’ అని పేరు. వారి పట్టికలను ప్రకటించి కోర్టు ఆవరణ నుండి వెలివేయు పద్ధతి 1879నాటి చట్టమున నుండెను. 2023లో దానిని న్యాయవాదుల చట్టములోనికి 45ఏ సెక్షనుగా చేర్చిరి. పట్టికలోని కెక్కియు ఆ పని చేయువానికి మూడు మాసముల వరకు ఖైదు గాని, 500 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. అయిదువందలు! ఆ ఆసామి ఒక ఉదయమున టీ కొట్టులో సంపాదించినదానిలో పదవ వంతు.

మరియొక పొరపాటు కలదు. కొందరు ధనవంతులు తెలుగు వకీలు కావలెనని కుప్పము నుండియు, చిత్తూరు నుండియు పిలిపించుచున్నారు. న్యాయవాదుల చట్టము 30వ సెక్షను 2011 జూను 15 నుండి అమలులోనికి వచ్చినందున, ఏ రాష్ట్రమున నమోదైన వకీలైనను దేశమంతట వాదింపవచ్చును. చట్టమున అడ్డు లేదు. అడ్డు కన్నడ లిపియే. పోలీసువారి కాగితములు కన్నడమున నున్నవి, సాక్షి కన్నడమున చెప్పును, వచ్చిన వకీలు ప్రక్కవానిని అడిగి తెలిసికొనుచుండును. రెండవ వాయిదాకు రాడు. హొసూరు కోర్టున అయితే తమిళము. బళ్ళారిలో కన్నడము. బరంపురములో ఒడియా. కోర్టు ఏ భాషలో నడుచునో ఆ భాషను చదువగల వకీలే మనకు వకీలు. తెలుగు రాని కన్నడ వకీలు కాగితములు చదివి, దుబాసీని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ పిల్లవానిని అరగంట విన్నచో, అతడు తెలుగు వచ్చి వినని వకీలు కంటె నూరు రెట్లు మేలు. తెలుగు సంఘపు పత్రికలో ఈ మాట అచ్చువేయుచున్నందుకు మాపై మరికొన్ని యుత్తరములు వచ్చును. రానిండు.

దీనివలన భాషను వదలుకొనుమని మేము చెప్పితిమని యెవరును అనుకొనరాదు. మేము చెప్పునది దానికి విరుద్ధము. భాషను అడుగవలసిన చోట మనము అడుగుట లేదు. వకీలు కులమున అడుగుచున్నాము. ఠాణా కాగితమున అడుగుట లేదు. 1962లోనే, ఇంగ్లీషు రాని నిర్బంధితునకు నిర్బంధ కారణములను ఇంగ్లీషున ఇచ్చుట చాలదని సుప్రీముకోర్టు తీర్పు చెప్పి విడిపించినది. 2025 నవంబరు 6న అదే కోర్టు, ముంబయిలోని ఒక కారు ప్రమాదపు కేసు నుండి వచ్చిన అప్పీలులోనే, మరింత స్పష్టముగా నిర్ణయించినది: ఏ నేరమునకైనను అరెస్టు కారణములను వ్రాతమూలకముగ, పట్టుబడినవానికి తెలిసిన భాషలో ఇవ్వవలెను; అప్పటికప్పుడు వ్రాసి ఇచ్చుట సాధ్యము కానిచో నోటితో చెప్పి, రిమాండుకై మేజిస్ట్రేటు ఎదుట నిలుపుటకు కనీసము రెండు గంటల ముందైనను వ్రాసి ఇవ్వవలెను; ఇవ్వనిచో ఆ అరెస్టును, రిమాండును చెల్లవు. సోదరులారా, “తెలిసిన భాష” అని సుప్రీముకోర్టు చెప్పినది. అది మనకు వరము. తెలుగు తరగతి తీసివేసిరని 2006నాటి తమిళ అభ్యసన చట్టముపై మనము ఎన్ని మహజరులు పెట్టితిమి! ఈ తీర్పు వచ్చిన తరువాత, మాకు తెలిసిన భాషలో వ్రాసి ఇండని అడిగినవారు మన తాలూకాలో ఒక్కరైనను కలరా?

కోర్టులోను అంతే. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యము చెప్పినప్పుడు బహిరంగ కోర్టులోనే అతనికి తెలిసిన భాషలో వినిపింపవలెనని వెనుకటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 279వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులో నున్న నాగరిక సురక్షా సంహిత 314వ సెక్షను అదే చెప్పుచున్నది. ఆ యువకుడు, “అయ్యా, నాకు బజారు కన్నడము వచ్చును గాని కోర్టు కన్నడము రాదు” అని యొక్క మాట చెప్పియుండినచో మేజిస్ట్రేటు ఆగియుండును. చెప్పవలసినది వకీలు. తల ఊపుమన్నవాడు చెప్పునా?

డబ్బు లేనివారి మాట. నిర్బంధమున నున్నవానికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయ సహాయము పొందు హక్కు 1987నాటి చట్టము 12వ సెక్షనున గలదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని కూడ గలదు. ఫోను నంబరు 15100. ఉచిత వకీలు పనికిమాలినవాడను అపోహ మనలో బలముగా నున్నది. వారిలోను మంచివారు, కానివారు కలరు. డబ్బు పుచ్చుకొన్నవారిలో వలెనే. వారికైనను వీరికైనను మనము అడుగవలసిన ప్రశ్నలు ఒక్కటే: కాగితములు చదివితిరా? కోర్టుకు మీరే వత్తురా, జూనియరును పంపుదురా? ఒప్పుకొన్నచో ఏమగును, ఒప్పుకొననిచో ఏమగును? లైసెన్సు మాట ఏమి? మీ ఫీజు ఎంత, కోర్టునకు కట్టవలసినది ఎంత, రెంటికి వేరువేరు రశీదు లిత్తురా? ఈ ప్రశ్నలకు విసుగుకొను వకీలునకు నమస్కారము పెట్టి రండు. ఖాళీ కాగితముపైన గాని, నింపని వకాలతునామాపైన గాని సంతకము చేయకుడు.

మనిషి చనిపోయిన కేసు అయినచో పైదంతయు చిన్న మాట. అప్పుడు న్యాయ సంహిత 106 గాని, 105 గాని వచ్చును. 105 వచ్చినచో సెషన్సు కోర్టు, జామీను హక్కుగా దొరకదు. అట్టి కేసునకు సెషన్సులో సాక్షులను ప్రశ్నించిన అనుభవము గలవానినే పెట్టుకొనవలెను. ట్రాఫికు కేసులు చూచు వకీలు ఎంత మంచివాడైనను ఈ పనికి చాలడు; మంచివాడైనచో తానే ఆ మాట చెప్పును.

తమిళనాట 2003 నుండి మద్యపు చిల్లర దుకాణములు సర్కారువే గదా, అమ్మువారును వారే, పట్టువారును వారేనా యని ఒక చమత్కారి మాకు వ్రాసెను. ఆ ప్రశ్న బాగున్నది. దానికి వేరొక సంచిక కావలెను. దానిని కోర్టులో చెప్పిన వకీలు మాత్రము గెలువడు.

సంఘము చేయదలచినది వకీళ్లను సిఫారసు చేయుట కాదని మరల స్పష్టము చేయుచున్నాము. ఏ వకీలు పేరును మేము చెప్పము. చెప్పినచో రేపు మేమే ఆ టీ కొట్టు ఆసామి యగుదుము. మేము ఇచ్చునది దుబాసీలను. నాలుగు భాషలు చదువను వ్రాయను వచ్చిన విశ్రాంత పోస్టుమాస్టరు ఒకరును, ఉపాధ్యాయిని ఒకరును ముందుకు వచ్చిరి. ఠాణాకు గాని, వకీలు గదికి గాని వత్తురు. బస్సు ఛార్జీలు తప్ప ఏమియు పుచ్చుకొనరు. వకీలు వద్ద విన్న మాటను దుబాసీ బయట చెప్పరాదు. 1872నాటి సాక్ష్య చట్టము 127వ సెక్షను ఆ రహస్య ధర్మమును దుబాసీలకు కూడ వర్తింపజేసెను. 2023నాటి సాక్ష్య అధినియమమున అది 132వ సెక్షనులో నున్నది. కావున చుట్టములలో ఒకరిని దుబాసీగా తీసికొనిపోయి, తరువాత పెండ్లి పందిట్లో ఆ కథను విని నొచ్చుకొనుట మానుడు.

ఆ యువకుని ఆరు మాసములు గడచినవి. లైసెన్సు వచ్చినది. వ్యాను ఉద్యోగము రాలేదు. తండ్రితో తోటలో పని చేయుచున్నాడు. త్రాగుట మానెనా యని మేము అడిగితిమి. “పెండ్లిళ్లకు పోవుట మానితిని” అని చెప్పెను. ఆ సమాధానము మాకు పూర్తిగా తృప్తి నీయలేదు.

ఈ విషయము వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు వచ్చును. త్రాగుబోతులకు దన్ను కూడదన్న పెద్దమనిషి తీర్మానమునే మొదట చేపట్టుదుము. వారు తప్పక దయచేయవలెను. ఇప్పటికే కేసులలో నున్న కుటుంబములవారు ఆ దినమున ఒక గంట ముందుగా వచ్చినచో దుబాసీలు కాగితములను చదివి వినిపింతురు. నకళ్లను మాత్రమే తీసికొని రండు; అసలు ప్రతులను ఇంటనే యుంచుడు.